సెల్లులో బలం కొలిచిన మనిషి – అలెస్సాండ్రో వోల్టా

(సైన్సు మూల. రాసినది: 9వ తరగతి విద్యార్థిని)

ఈ నెల గోడ పత్రికలో నేను ఒక గొప్ప శాస్త్రవేత్త జీవితం రాస్తున్నాను. కొంచెం పెద్దగా ఉంది. అన్నం బెల్లు కొట్టేలోపు చదవలేకపోతే సాయంత్రం వచ్చి మిగతాది చదవండి.

మీ పెట్టెలో టార్చిలైటు ఉంటే ఒక సెల్లు బయటికి తీసి చూడండి. దాని మీద 1.5 అని అంకె ఉంటుంది. పక్కన ఇంగ్లీషు అక్షరం వి ఉంటుంది. వి అంటే వోల్టు. ఆ మాట ఒక మనిషి పేరు నుండి వచ్చింది. ఆయనే ఇటలీ దేశానికి చెందిన అలెస్సాండ్రో వోల్టా. ప్రపంచంలో మొదటి బ్యాటరీ చేసింది ఆయనే. ఆ సంగతి మన పుస్తకాల్లో ఉంటుంది. కానీ బ్యాటరీ చేయడానికి చాలా ఏళ్ల ముందు నుండే ఆయన కరెంటు బలం కొలిచే పనిముట్లు టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ సంగతి చాలామందికి తెలియదు. నేను దాని గురించే ఎక్కువ రాస్తాను.

మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లవాడు

వోల్టా 1745 ఫిబ్రవరి 18న కోమో అనే ఊరిలో జన్మించాడు. అది ఇటలీకి ఉత్తరం వైపు, కొండల మధ్య, ఒక పెద్ద సరస్సు ఒడ్డున ఉంది. వాళ్లది పేరున్న కుటుంబమే గానీ డబ్బు మాత్రం అంతగా లేదు. ఆయనకి నాలుగేళ్లు వచ్చేదాకా మాటలు రాలేదంట. ఇంట్లోవాళ్లు ఈ పిల్లవాడు మొద్దు అనుకున్నారంట. ఏడేళ్లు వచ్చేసరికి తోటి పిల్లలను దాటిపోయాడు. చిన్నప్పుడే తండ్రి చనిపోయాడు. చిన్నాన్నలు పెంచారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఆశ్రమ పాఠశాలలో 3వ తరగతిలో చేరే చెల్లెళ్లు మొదటి ఏడాది నోరు తెరవరు. ఇంట్లో కోయ మాటో, లంబాడీ మాటో. బడిలో తెలుగు. పలకరిస్తే తల వంచుకుంటారు. వోల్టా కారణం వేరు, మన కారణం వేరు. కానీ మాట్లాడని పిల్లకి లోపల ఏమీ లేదని ఎవరైనా అంటే ఈ పెద్దాయన గురించి చెప్పండి. పైకి కనపడకపోతే లోపల లేదని కాదు. సెల్లు కూడా అంతే కదా.

వోల్టాని ఫాదర్లు నడిపే బడిలో వేశారు. తెలివైనవాడని వాళ్లు ఫాదరుని చేద్దాం అనుకున్నారు. చిన్నాన్న ఒప్పుకోక ఆ బడి మానిపించాడు. ఇంట్లోవాళ్లేమో లాయరు అవ్వమన్నారు. ఆయన మనసు మాత్రం కరెంటు మీదే ఉంది. గత్తోని అనే స్నేహితుడు తన దగ్గరున్న పరికరాలు వాడుకోనిచ్చాడు. 18 ఏళ్ల వయసులోనే దూరదేశాల పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. యూనివర్సిటీలో చదవకుండానే తర్వాత యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడయ్యాడు!

బురదలో గాలి

1774లో కోమో ఊరి బడిలో ఉద్యోగం వచ్చింది. 1775లో ఎలక్ట్రోఫోరస్ అనే పరికరం గురించి అందరికీ చెప్పాడు. జిగురు బిళ్లని ఒకసారి రుద్దితే చాలు, దాని మీద లోహపు పళ్లెం పెట్టి తీస్తూ ఎన్నిసార్లయినా విద్యుత్తు పొందవచ్చు.

1776లో ఆయన మజ్జోరె అనే సరస్సు దగ్గర పడవలో వెళ్తూ కర్రతో అడుగున ఉన్న బురదని కదిలించాడు. బుడగలు పైకి వచ్చాయి. ఆ గాలిని సీసాలో పట్టి నిప్పు పెడితే మండింది. అదే మీథేన్ వాయువు. ఈ రోజు గోబర్ గ్యాసు పొయ్యిలో మండేది ముఖ్యంగా అదే. మన కుంటల్లో కూడా బురద తొక్కితే బుడగలు వస్తాయి. మనం చూసి ఊరుకుంటాం. ఆయన సీసాలో పట్టాడు.

1778లో పావియా యూనివర్సిటీలో భౌతికశాస్త్రం ప్రొఫెసరు అయ్యాడు. దాదాపు 40 ఏళ్లు ఆ పదవిలో ఉన్నాడు.

టేబుల్ మీద గడ్డిపరకలు

ఆ కాలంలో వోల్టు మీటరు లేదు. ఆ పేరే లేదు. మరి కరెంటు ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? వోల్టా ఒక గాజు సీసా తీసుకున్నాడు. దానిలో రెండు సన్నని ఎండుగడ్డి పరకలు పక్కపక్కన వేలాడదీశాడు. పై నుండి లోహపు తీగ ద్వారా విద్యుత్తు వస్తే రెండు పరకలకీ ఒకే రకం ఆవేశం వస్తుంది. ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కదా. అందుకని పరకలు విడిపోతాయి. ఎంత విడిపోయాయో చూడడానికి సీసాకి గీతలు గీసిన కాగితం అంటించాడు. అంతే! దీన్ని విద్యుద్దర్శిని అంటారు. గీతలు ఉన్నాయి కాబట్టి కొలిచే పరికరం కూడా అయ్యింది.

ఆయన ఇంకో పట్టుదల పట్టాడు. తన పరికరం చూపించే అంకె, వేరే ఊరిలో వేరే మనిషి పరికరం చూపించే అంకె పోల్చుకునేట్టు ఉండాలి. లేకపోతే ఒకరి లెక్క ఇంకొకరు నమ్మేదెట్లా? మనకి ఇది బాగా అర్థమవుతుంది. సంతలో చింతపండు తూచేటప్పుడు ఒక్కో అంగట్లో ఒక్కో తూకం వస్తే నష్టపోయేది మనమే. కొలత అందరికీ ఒకటే ఉంటేనే న్యాయం.

కానీ చాలా తక్కువ బలం ఉంటే గడ్డిపరకలు కదలవు. దానికి 1782లో ఒక ఉపాయం చెప్పాడు. రెండు లోహపు పళ్లేలు తీసుకుని మధ్యలో పలచని వార్నీషు పూత ఉంచి ఒకదాని మీద ఒకటి పెట్టాడు. కింది పళ్లేన్ని భూమికి కలిపాడు. పై పళ్లేనికి బలహీనమైన విద్యుత్తు తగిలించాడు. పళ్లేలు దగ్గరగా ఉన్నప్పుడు ఎక్కువ ఆవేశం అందులో చేరుతుంది. తర్వాత తీగ తీసేసి పై పళ్లేన్ని ఎత్తితే, అదే ఆవేశం ఇప్పుడు ఎక్కువ ఒత్తిడి చూపిస్తుంది. గడ్డిపరకలు విడిపోతాయి!

ఎండాకాలం వాగు ఇసుకలో చెలమ తవ్వుతాం కదా. నీళ్లు కనపడవు, ఊరుతూ ఉంటాయి. కాసేపు ఆగితే కడవ ముంచేటన్ని నీళ్లవుతాయి. వోల్టా పళ్లేలు కూడా చెలమ లాంటివే. ఇప్పుడు రేడియోలో, సెల్ ఫోనులో ఉండే కెపాసిటరు ఈ జాతిదే.

కప్ప కాలు గొడవ

బొలోన్యా ఊరిలో లుయీజీ గాల్వానీ అని ఇంకో ప్రొఫెసరు ఉన్నాడు. శరీర భాగాల గురించి పాఠాలు చెప్పేవాడు. ఆయన భార్య లూచియా కూడా ప్రయోగాల్లో సాయం చేసేది. చచ్చిన కప్ప కాళ్లకి రెండు లోహాలు తగిలితే కాళ్లు గిలగిల కొట్టుకోవడం ఆయన చూశాడు. కప్ప శరీరంలోనే విద్యుత్తు ఉందని 1791లో ప్రకటించాడు.

వోల్టా మొదట మెచ్చుకున్నాడు. తర్వాత తానే ఆ ప్రయోగాలు చేసి చూశాడు. ఒకే లోహం వాడితే కాలు సరిగ్గా కదలడం లేదు. రెండు వేరు వేరు లోహాలు ఉంటే బాగా కదులుతోంది. అప్పుడు అనుమానం వచ్చింది. విద్యుత్తు కప్పది కాదేమో, లోహాలదేమో! కప్ప కాలు కూడా గడ్డిపరకల్లాగా బలం కనిపెట్టే పరికరమేమో!

కప్ప లేకుండా చూడాలి కదా. తన నాలుకనే పరికరం చేసుకున్నాడు. నాలుక చివర తగరం రేకు, కొంచెం వెనక వెండి నాణెం పెట్టి రెండిటినీ కలిపాడు. నోట్లో పుల్లటి రుచి వచ్చింది. కలపకపోతే రాదు. తర్వాత కండెన్సరు పళ్లేలతో, గడ్డిపరకలతో చూసి, జంతువు ఏదీ లేకుండానే రెండు లోహాల మధ్య విద్యుత్తు కనపడుతోందని చూపించాడు.

గాల్వానీ వైపు వాళ్లు ఊరుకోలేదు. లోహం లేకుండా నరాన్ని కండకి తగిలించి కూడా కాలు కదిలించారు. చాలా ఏళ్లు వాదన నడిచింది. దేశాల్లో పండితులు రెండు పక్షాలుగా విడిపోయారు. ఇంతలో యుద్ధాలు వచ్చాయి. కొత్త ప్రభుత్వానికి ప్రమాణం చేయనన్నందుకు గాల్వానీ ఉద్యోగం పోయింది. 1798లో ఆయన చనిపోయాడు.

బిళ్ల మీద బిళ్ల

ఒక జత లోహాలు ఇచ్చేది చాలా చిన్న బలం. దాన్ని పెంచడం ఎట్లా? వోల్టా 1799 చివరలో దారి కనుక్కున్నాడు. ఒక వెండి బిళ్ల, ఒక జింకు బిళ్ల, వాటి మీద ఉప్పునీళ్లలో తడిపిన అట్టముక్క. మళ్లీ వెండి, జింకు, తడి అట్ట. ఇట్లా రొట్టెలు పేర్చినట్టు పైకి పేర్చుకుంటూ పోయాడు. వెండి బదులు రాగి కూడా పనికొస్తుంది. పై బిళ్లకీ కింది బిళ్లకీ తీగలు కలిపితే కరెంటు ఆగకుండా వచ్చింది!

అంతకు ముందు ఉన్న పరికరాల్లో విద్యుత్తు ఒక్కసారి చిటుక్కుమని పోయేది. మళ్లీ రుద్దాలి. ఇది మాత్రం వాగులాగా పారుతూనే ఉంది. 1800 మార్చి 20న ఆయన ఈ సంగతంతా లండన్‌లో రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు.

తన బ్యాటరీని కూడా ఆయన పరీక్ష చేయకుండా వదల్లేదు. బిళ్లల జతలు ఎక్కువైన కొద్దీ బలం పెరగడం చూశాడు. 20 జతలుంటే కండెన్సరు సాయంతో విద్యుద్దర్శినిలో స్పష్టంగా కనపడింది. వేళ్లు తడిపి తాకితే షాకు కొట్టింది. చివరికి తీగలు రెండు చెవుల్లో పెట్టుకున్నాడు. తలలో దెబ్బ తగిలినట్టయి, ఏదో ఉడుకుతున్నట్టు చప్పుడు వినపడింది. ప్రమాదమని మళ్లీ ఆ పని చేయలేదు. చెల్లెళ్లూ, మీరు ఇట్లాంటివి చేయకండి. ఇంటి కరెంటు, బండి బ్యాటరీ ఒంటి మీద పరీక్ష చేసుకునేవి కావు. మనకి మీటర్లు ఉన్నాయి.

ఆ బ్యాటరీలో లోపాలు కూడా ఉన్నాయి. బిళ్లల బరువుకి అట్టల్లో నీళ్లు కారిపోయేవి. అట్టలు ఎండిపోతే కరెంటు ఆగిపోయేది. 1836లో డేనియల్ అనే ఆయన నిలకడగా పనిచేసే సెల్లు చేశాడు. 1866లో లెక్లాంషే చేసిన సెల్లు నుండి మన టార్చి సెల్లు వచ్చింది.

పేరు, పదవి, చివరి రోజులు

ఉత్తరం అందిన కొద్ది రోజులకే ఇంగ్లాండులో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు బ్యాటరీ చేసి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ కింద విడగొట్టారు. 1807లో హంఫ్రీ డేవీ పెద్ద బ్యాటరీతో పొటాషియం, సోడియం కనిపెట్టాడు. 1801లో వోల్టా పారిస్ వెళ్లి నెపోలియన్ ముందు ప్రయోగాలు చేసి చూపించాడు. నెపోలియన్ బంగారు పతకం ఇప్పించాడు. 1810లో కౌంటు అనే బిరుదు ఇచ్చాడు.

వోల్టా 1794లో తెరెసా అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ముగ్గురు కొడుకులు. వారిలో ఒకరు 1814లో చనిపోతే చాలా కుంగిపోయాడు. 1819లో ఉద్యోగం వదిలి సొంత ఊరి వైపు వెళ్లిపోయాడు. 1827 మార్చి 5న మరణించాడు.

1881లో పారిస్‌లో జరిగిన సభలో విద్యుత్ ఒత్తిడి కొలతకి వోల్టు అని పేరు ఖాయం చేశారు. ఒక బాధ కలిగించే సంగతి కూడా ఉంది. బ్యాటరీకి వందేళ్లు నిండాయని 1899లో కోమోలో పెద్ద ప్రదర్శన పెట్టారు. నిప్పు అంటుకుని వోల్టా వాడిన పరికరాలు చాలా కాలిపోయాయి. మిగిలినవాటిని, కొత్తగా చేసినవాటిని సరస్సు ఒడ్డున ఆయన పేరుతో కట్టిన మందిరంలో ఉంచారు.

మరి ఎవరు గెలిచారు?

ఇది మీరు అడుగుతారని నాకు తెలుసు. బ్యాటరీ వచ్చాక అందరూ వోల్టానే గెలిచాడు అన్నారు. కానీ పూర్తిగా కాదు. రెండు లోహాలు తగిలితే చాలు విద్యుత్తు పుడుతుందని వోల్టా అనుకున్నాడు. నిజానికి సెల్లు లోపల రసాయన చర్య జరగాలి. జింకు కరిగిపోతూ కరెంటు ఇస్తుంది. అందుకే సెల్లు అయిపోతుంది. ఇక జంతువుల శరీరంలో కూడా విద్యుత్తు ఉంది. ఆసుపత్రిలో గుండెకి ఈసీజీ తీసేది దాన్నే. అంటే ఇద్దరూ సగం సగం సరైనవాళ్లే.

మన ల్యాబులో బీరువా తెరిస్తే ఒక అరలో రెండు డబ్బాలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి వోల్టు మీటరు, ఇంకోటి గాల్వనా మీటరు. వాదించుకున్న ఇద్దరి పేర్లూ ఒకే టేబుల్ మీదకి వచ్చాయి.

ఇప్పుడు సెల్లు ఎట్లా పరీక్షిస్తారు?

మా నాయన ఒక వానాకాలం సంతలో రెండు సెల్లులు కొన్నాడు. ఇంటికి వచ్చి టార్చిలో వేస్తే మిణుకు మిణుకుమంది. తర్వాతి వారం తీసుకెళ్లి అడిగితే అంగడాయన సెల్లులు కొత్తవే, నీ టార్చిలోనే తప్పుంది అన్నాడు. నాయన ఏమీ అనలేక వచ్చేశాడు. ఆయన దగ్గర రుజువు లేదు. రాత్రి చేను కాపలాకి వెలుతురు లేకుండానే పోయాడు. పాము మీద కాలు పడితే ఎవరు బాధ్యులు? అందుకే ఈ భాగం జాగ్రత్తగా చదవండి.

మల్టీమీటరు అనే చిన్న పరికరంలో డీసీ వోల్టుల దగ్గర ముల్లు పెట్టి, ఎర్ర తీగ సెల్లు బొడిపె వైపు, నల్ల తీగ అడుగు వైపు ఆనించాలి. కొత్త టార్చి సెల్లు 1.5 గానీ కొంచెం ఎక్కువ గానీ చూపిస్తుంది. కానీ అది చూసి మోసపోకూడదు. సగం అయిపోయిన సెల్లు కూడా ఖాళీగా కొలిస్తే 1.4 దాకా చూపించవచ్చు. బల్బు తగిలించి, బల్బు వెలుగుతుండగా కొలవాలి. అప్పుడు అంకె బాగా పడిపోతే సెల్లు అయిపోయినట్టే.

కొట్టంలో నిలబడ్డ ఎద్దు ఏదైనా బాగానే కనపడుతుంది. కాడి కట్టి నాలుగు సాళ్లు దున్నిస్తేనే దాని సత్తువ తెలుస్తుంది. సెల్లుకి బల్బే కాడి.

ఫ్యాక్టరీల్లో, పెద్ద ల్యాబుల్లో దీనికోసమే టేబుల్ మీద పెట్టే పరికరాలు ఉన్నాయి. సెల్లుని క్లిప్పుల మధ్య బిగిస్తారు. పరికరం దాని నుండి ఒకే కొలతలో కరెంటు లాగుతూ గడియారం చూస్తుంది. 200 మిల్లీ ఆంపియర్లు 10 గంటలు ఇచ్చిందంటే దాని సామర్థ్యం 2000 మిల్లీ ఆంపియర్ అవర్లు అన్నమాట. సెల్ ఫోను బ్యాటరీ మీద ఉండే పెద్ద అంకె అదే. ఫోనులోని లిథియం సెల్లు సాధారణంగా నిండితే 4.2 వోల్టులు ఉంటుంది. అంతకు మించి ఎక్కిస్తే వేడెక్కి అంటుకోవచ్చు. అందుకని దాన్ని పొడవడం, మేకు దించడం చేయరాదు. బండి బ్యాటరీలో 2 వోల్టుల గదులు 6 ఉంటాయి, మొత్తం 12. అయిపోయిన సెల్లులు పగలగొట్టి ఆడకండి, పొయ్యిలో వేయకండి.

మీరే చేసి చూడండి

చింతపండు పులుసు ఒక గిన్నెలో పోయండి. ఒక పక్క రాగి తీగ, ఇంకో పక్క జింకు పూత ఉన్న మేకు ముంచండి. రెండూ తగలకూడదు. తీగలు గాల్వనా మీటరుకి కలపండి. ముల్లు కదులుతుంది. మేము టీచరుతో కలిసి చేశాం. తర్వాత ఆ పులుసు పారబోయండి, తాగకూడదు.

చివరి మాట

వోల్టా దగ్గర మొదట ఉన్నది సీసా, గడ్డిపరకలు, నాణేలు, తడి అట్టలు. ఇవి మన దగ్గర కూడా ఉన్నాయి. ఆయన పెద్దవాళ్లు చెప్పారని గాల్వానీ మాట కాదనలేదు, గాల్వానీ చెప్పాడని నమ్మేయలేదు. చేసి చూశాడు, కొలిచాడు. మన అమ్మానాన్నలకు అంకెలు చదవడం రాలేదు కాబట్టి తూకం దగ్గర, అంగడి దగ్గర ఎవరేం చెబితే అదే నిజమయ్యింది. మనకి వచ్చింది. ఈ దసరా సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు సెల్లు కొనేది ఉంటే మీరు కూడా సంతకి వెళ్లండి. కొనే ముందే అంగట్లో టార్చిలో వేసి, కాసేపు వెలిగించి చూపించమనండి. అట్లా అడగడంలో తప్పేమీ లేదు.

చెప్పండి చూద్దాం!

1. వోల్టా సీసాలో గడ్డిపరకలు ఎందుకు విడిపోయేవి?
2. ఖాళీగా కొలిచినప్పుడు బాగున్న సెల్లు బల్బు తగిలిస్తే ఎందుకు తేలిపోతుంది?
3. నాలుగు టార్చి సెల్లులు వరసగా కలిపితే ఎన్ని వోల్టులు?

జవాబులు కాగితం మీద రాసి సైన్సు టీచరుకి ఇవ్వండి. సరైన జవాబులు రాసినవాళ్ల పేర్లు వచ్చే నెల ఇక్కడే రాస్తాం.